అంతమ్మ కట్టిన దారాలు

అంతమ్మకు చదువు రాదు. అయినా మనవరాలు నీలవేణి స్కూలు బ్యాగును ఆమే సర్దుతుంది. పుస్తకాలన్నిటికీ ఒకే రంగు అట్టలు వేయించడంతో, నిన్న లెక్కల పుస్తకానికి బదులు తెలుగుది పెట్టింది. పిల్ల పీరియడంతా నిలబడింది.

"రేపటి సంది నేనే సర్దుకుంట అవ్వా" అంది రాత్రి.

అంతమ్మకు మనసున పట్టలేదు. తాను పనిచేసే సురంగల్ పూలతోటలో దండలు కట్టే రంగు దారాలు తీసి, పొద్దున్నే మనవరాలి ముందు కూర్చుంది.

"ఏది లెక్కలది, జర చూపియ్యి బిడ్డా."

లెక్కలకు ఎర్ర దారం, తెలుగుకు పచ్చది, ఇంగ్లీషుకు నీలం కట్టింది.

"ఇయ్యాల ఏమేం గావాలె?"

"ఎర్రది, నీలం. పచ్చది వద్దు."

సాయంత్రం ఆటో దిగుతూనే నీలవేణి అరిచింది: "ఇయ్యాల కూసునే ఉన్న అవ్వా! రేపు గూడ నువ్వే సర్దు."

అంతమ్మ బ్యాగు అందుకుంది. ఎర్ర దారం కాస్త వదులైంది. ఇంకో ముడి వేసింది.