ముందు వరసలో టిష్యూ ప్యాకెట్

నేను జీవితంలో చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావరకు తొందరపాటువల్లనో, నోరు జారడంవల్లనో జరిగినవే. చల్లటి ఏసీ హాల్లో, మెత్తటి కుర్చీలో, కాలుమీద కాలు వేసుకుని తాపీగా చేసింది ఒక్కటే ఉంది. మిగతావన్నీ కలిసినా దాని కాలిగోటికి సరిపోవు. ఒక పెద్దావిడ ఏడాదిగా గుండెల్లో దాచుకున్న పాటను నేను ఒక టిష్యూ ప్యాకెట్‌తో దాదాపు చంపినంత పని చేశాను. మీరు ఇప్పుడే నవ్వుకోవచ్చు. నాకు మాత్రం నవ్వు రావడానికి రెండేళ్ళు పట్టింది.

అప్పటికి మేం సింగపూర్ వచ్చి ఎంతోకాలం కాలేదు. ఉద్యోగం జురాంగ్ ఐలాండ్‌లో, కాపురం యీషున్‌లో. అద్దె తక్కువని అలా కుదుర్చుకున్నాను కాబట్టి నా ఇంటికీ ఉద్యోగానికీ మధ్య దేశమంతా ఉండేది. మా అంతస్తులోనే, రెండు తలుపుల అవతల మార్గరెట్ ఆంటీ ఉండేది. డెబ్బై దాటిన మనిషి. మేం పులిహోర ఇస్తే గిన్నె కడిగి, అందులో పైనాపిల్ టార్ట్‌లు పెట్టి తిరిగిచ్చేది.

ఒక సాయంత్రం లిఫ్టు దగ్గర ఆపింది.

"ప్రసాద్, వచ్చే శనివారం మా సింగింగ్ ఉంది. ఫ్యామిలీ అంతా రావాలి లా."

(ఆంటీ మాట్లాడేది ఇంగ్లీషే. మీకోసం తెలుగులోకి దించుతున్నాను. చివరి 'లా' మాత్రం ఆవిడదే, నేను ముట్టుకోలేదు.)

"ఏం సింగింగ్ ఆంటీ?"

"పాతకాలం భక్తిపాటలు. మా పుస్తకంలో స్వరాలకు ఆకారాలుంటాయి. త్రికోణం, గుండ్రం, చతురస్రం, డైమండ్. ఆకారాన్నిబట్టి స్వరం. ఒక్కొక్కళ్ళం వంతులవారీగా మధ్యలో నిలబడి, చేత్తో తాళం వేసి పాడిస్తాం. నేనూ మా హెన్రీ ఎప్పుడూ ఇద్దరం కలిసి నిలబడేవాళ్ళం. ఈసారి..."

ఆంటీ భర్త హెన్రీ అంకుల్ అంతకు ఏడాది ముందు పోయారు. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మేమిద్దరం ఎక్కలేదు.

"ఈసారి ఒక్కదాన్నే. ఆయనకిష్టమైన పాటే ఎంచుకున్నాను. చెయ్యి ఆగిందంటే పాట ఆగిపోతుంది ప్రసాద్. సగంలో ఆగితే ఆయన్ని సరిగ్గా సాగనంపనట్టే కదా. అయినా ఫర్వాలేదు, ముందు వరస ఉంటుంది. నేను ముందు వరసనే చూస్తాను. ముందు వరస గట్టిగా ఉంటే నాకేం భయంలేదు."

ఆవిడ ఇంత స్పష్టంగా చెప్పింది. నా బుర్రకు ఎక్కింది మాత్రం ఇది: పాపం, ఆంటీకి ముందు వరసలో తెలిసిన మొహాలు కనపడాలి. తెలిసిన మొహాలంటే ఎవరివి? మావే!

ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ సునీత అనుమానంగా చూసింది.

"మనకు పాటా రాదు, మాటా రాదు. ముందు వరసెందుకండీ? వెనక ఎక్కడో కూర్చుందాం."

"నీకు తెలీదు. ఆవిడ నోరు తెరిచి అడిగింది."

అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. కనకదుర్గ టీచరంటే అక్కడి హైస్కూల్లో తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ సోఫాలో కూర్చున్నా అటెన్షన్‌లోనే కూర్చుంటారు. ఆవిడ ఎదుట కాఫీ తాగాలంటే నేను కూడా తెలియకుండానే మడమలు కలుపుతాను.

"పెద్దావిడ పిలిచింది కాబట్టి వెళ్దాం బాబూ. ఎన్నింటికి?" అన్నారు.

"తొమ్మిదిన్నరకండీ."

"అయితే తొమ్మిదికల్లా ఉండాలి."

నేను ఎనిమిదింటికే ఉన్నాను. మా ఇంటికి నాలుగు స్టాపుల దూరంలో, ఒక చిన్న చర్చి పైఅంతస్తు హాలు. లోపలికి వెళ్ళి చూస్తే స్టేజీ లేదు. కుర్చీలు నాలుగు గుంపులుగా, ఒకదానికొకటి ఎదురెదురుగా వేసి, మధ్యలో చదరంగా కాస్త ఖాళీ వదిలారు. నాలుగు ఊళ్ళవాళ్ళు కలిసి పంచాయితీ పెట్టుకున్నట్టుంది. నేను హాలంతా తిరిగి, అన్నిటికంటే పెద్ద గుంపులో ముందు వరస ఎంచాను. సరిగ్గా నాలుగు కుర్చీలు. మేమూ సరిగ్గా నలుగురం. దైవసంకల్పం కాకపోతే మరేమిటి?

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. సింగపూర్‌లో వరసగా తిండి దుకాణాలుండే ఏ హాకర్ సెంటర్‌కి వెళ్ళినా ముందు బల్లమీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి, తర్వాత తాపీగా తిండి కొనుక్కోవడానికి వెళ్ళొచ్చు. దాన్ని 'చోప్' చేయడం అంటారు. ఆ ప్యాకెట్‌ను ఇక్కడివాళ్ళెవరూ కదపరు. కదుల్తున్న ఎర్రబస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటూ పెరిగిన వంశం మనది. ఆ తువ్వాలుకు ఇంత చట్టబద్ధమైన గౌరవం దక్కే దేశం ఒకటుందని తెలిశాక నేను ఊరుకుంటానా? ఒక కుర్చీలో టిష్యూ ప్యాకెట్, ఒకదాన్లో గొడుగు, ఒకదాన్లో మా అమ్మాయి మిన్ని నీళ్ళసీసా, నడిమి కుర్చీలో నా ఆఫీసు పాసు. విజయగర్వంతో కిందకు దిగి కోపీ, అదే ఇక్కడి కాఫీ, తాగాను.

తొమ్మిదికి అందర్నీ వెంటబెట్టుకుని వచ్చేసరికి హాలు నిండిపోయింది. అరవైమంది దాకా ఉన్నారు. మా నాలుగు కుర్చీలు మాత్రం పేరంటంలో ముత్తయిదువల్లా కదలకుండా అలాగే ఉన్నాయి. మా వెనక వరసలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్న ఒక సన్నటి పెద్దాయన నా ఆఫీసు పాసువంక దిగులుగా చూస్తున్నాడు. ఆయన్ని వింగ్ అంకుల్ అంటారని తర్వాత తెలిసింది.

"చూశారా అత్తయ్యగారూ, క్రమశిక్షణంటే ఇదీ!" అన్నాను. అత్తగారు మెచ్చుకోలుగా తలూపారు. నా పెళ్ళయ్యాక ఆవిడ తలూపడం అది రెండోసారి.

ఎనిమిదేళ్ళ మిన్ని చుట్టూ చూసింది.

"నాన్నా, ఆడియన్స్ ఎక్కడ?"

"మనమే అమ్మా."

"నో లా. అందరి చేతుల్లో బుక్స్ ఉన్నాయి. మనకీ ఇచ్చారు. దిస్ వన్ ఎవ్రీబడీ పాడాలి."

పిల్లల మాటలు మనం ఎప్పుడు పట్టించుకున్నాం గనుక!

మొదటి పాట మొదలైంది. ముందు మాటల్లేకుండా ఆకారాల పేర్లతోనే, ఫా, సోల్, లా, మి అంటూ ఒకసారి పాడతారు. 'లా'తో ముగిసే వాక్యాలు సింగపూర్‌లో రోజూ వింటాను, 'లా'లతోనే నడిచే పాట అప్పుడే విన్నాను. తర్వాత అదే పాట మాటలతో. సుతారంగా పాడటం అక్కడ లేదు. నాలుగు వైపులనుంచీ అరవై గొంతులు ఒక్కసారి లేచేసరికి నా పక్కటెముకలు అదిరాయి. అంత గొప్ప శబ్దం నేనెప్పుడూ వినలేదు. పాట అయిపోగానే ఆనందం పట్టలేక లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

నేనొక్కణ్ణే. అక్కడ చప్పట్లు కొట్టరట. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ రోజు ఉలిపికట్టె ముందు వరసలో నిలబడి, అందరికీ కనిపించేలా ఉంది.

అక్కడితో ఆగితే బావుండేది. రెండో పాటకు మధ్యలోకి వచ్చిన అమ్మాయి పాట నంబరు చెప్పి, తిన్నగా నావైపు తిరిగింది.

"సర్, శ్రుతి మీరిస్తారా?"

పాటకు ఎత్తుగడ స్వరం ఇచ్చేవాడు నడిమి కుర్చీలో కూర్చుంటాడట. అది వింగ్ అంకుల్ కుర్చీ. నాకేం తెలుసు? "తెలీదమ్మా" అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ పక్కన అత్తగారున్నారు. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి సంగీతం కూడా నేర్చుకున్నాడు" అని మావాళ్ళు చెప్పి ఉన్నారు. మూడు వారాలు నేర్చుకున్నానని చెప్పలేదు.

"తప్పకుండా," అని గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, "సా..." అన్నాను.

ఆ 'సా' ఎక్కడ పడిందో తెలుసా? మా బ్లాకులో అయితే పదహారో అంతస్తులో. ఇచ్చిన శ్రుతి తీసుకుని పాడటం వాళ్ళ మర్యాద. అరవైమందీ ఎదురుచెప్పకుండా మెట్లెక్కారు. పైస్వరాల ఆడవాళ్ళ గొంతులు ఈలలయ్యాయి. ఎదుటి వరసలో ఒకాయన మెడనరాలు లెక్కపెట్టేలా తేలాయి. పాట అయ్యాక హాలంతా నీళ్ళసీసాల మూతలు తీసిన చప్పుడే.

వింగ్ అంకుల్ వెనకనుంచి ముందుకు వంగాడు. "ఇండియాలో ఇంత పైన పాడతారా? వెరీ స్ట్రాంగ్." ఆయన వెక్కిరించడంలేదు. నిజంగానే అన్నాడు. అదే నన్ను చంపింది.

"లేవండి. నిజం చెప్పేసి వెనక్కిపోదాం," సునీత పళ్ళ మధ్యనుంచి అంది.

"భోజనాలప్పుడు లేద్దాం. మధ్యలో లేస్తే బావుండదు."

"ఇప్పుడు బావుందా?"

తర్వాత శ్రుతి అడిగినప్పుడల్లా నేను ఉదారంగా వెనక్కి చెయ్యి చూపించి వింగ్ అంకుల్‌కు అప్పగిస్తూ నెట్టుకొచ్చాను. సునీతా మిన్నీ మాత్రం పుస్తకం చూసుకుంటూ మెల్లగా వెనకవాళ్ళతో గొంతు కలిపారు. పాటల మధ్య కాస్త సందు దొరికితే ఆయన్నే గుసగుసగా అడిగాను.

"అంకుల్, ఈ ముందు వరసలో మామూలుగా ఎవరు కూర్చుంటారు?"

"అందరికంటే అనుభవం ఉన్నవాళ్ళు. మధ్యలో నిలబడ్డ మనిషి తడబడితే, ముందు వరస చేత్తో తాళం వేసి పాటను నిలబెడుతుంది. అవునూ, మీరు ఎన్నేళ్ళుగా పాడుతున్నారు?"

లిఫ్టు దగ్గర ఆంటీ చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు విడివిడిగా అర్థమైంది.

"మరి నన్ను లేవమనలేదేం అంకుల్?"

ఆయన నావంక వింతగా చూశాడు. "చోప్ చేసి ఉంది కదా!"

సరిగ్గా అప్పుడే పిలిచారు: "మార్గరెట్!"

నేను గబుక్కున లేచాను. వింగ్ అంకుల్‌ను చెయ్యిపట్టి ముందుకు లాగుదామని. కానీ ఆంటీ అప్పటికే మధ్యలోకి వచ్చేసింది. సగం లేచిన నన్ను చూసి, తన గౌరవార్థం లేచాననుకుని మురిసిపోయింది. "సిట్, సిట్ లా," అంది. ఆ మొహం చూశాక మళ్ళీ కూర్చుండిపోయాను.

ఆకారాలతో పాడినంతసేపూ బాగానే ఉంది. మొదటి చరణమూ దాటింది. రెండో చరణంలో పైకి లేచిన ఆంటీ చెయ్యి పైనే ఆగిపోయింది. తన పక్కన ఎప్పుడూ హెన్రీ అంకుల్ నిలబడే చోటువైపు చూసింది, అంతే. పాట వదులైంది. మగవాళ్ళు ఒక దారి, ఆడవాళ్ళు ఒక దారి. ఆంటీ కళ్ళనిండా నీళ్ళతో ముందు వరసకేసి చూసింది.

ముందు వరసలో ఎవరున్నారు? మూడు వారాల సంగీతం, ఆయన భార్య, ఎనిమిదేళ్ళ పిల్ల, తెనాలి అత్తగారు.

ఏదో ఒకటి చెయ్యాలి. నేను నోరు తెరిచి, ఉన్న బలమంతా పెట్టి పాడాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నా వెనక ఇంకా గట్టిగా నిలబడి ఉన్న నాలుగైదు గొంతులు కూడా నా దెబ్బకు దారి తప్పాయి.

నా తొడమీద ఫెడీమని ఒకటి పడింది.

"మీరు ఆగండి బాబూ," అన్నారు అత్తగారు.

ఆవిడ పొద్దుట్నుంచీ పుస్తకం తెరవలేదు. ఇంగ్లీషు పాటలో ఆవిడకు ఒక్క ముక్క తెలియదు. మధ్యలో నిలబడ్డవాళ్ళ చేతులు మాత్రం చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు కొంగు బిగించి, కుడిచెయ్యి ఎత్తారు. కిందకి ఒకటి. పైకి రెండు. పంద్రాగస్టు కవాతులో ఐదువందలమంది పిల్లల్ని నడిపించిన చెయ్యది. ఒకటి. రెండు. ఆ చేతికి జాలి లేదు, వణుకు లేదు. ఆగడమంటే దానికి తెలియదు.

ఆంటీ ఆ చేతినే చూసింది. పైన ఆగిన తన చేతిని దాంతోపాటు దించింది. మళ్ళీ ఎత్తింది. వెనకనుంచి వింగ్ అంకుల్ గొంతు సర్రున లేచి తన చోటు పట్టుకుంది. ఒక్కొక్క వరసా వచ్చి కలిసింది. ఆంటీ చెంపలమీద నీళ్ళు కారిపోతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరి మాట ఒకరికి రాదు, ఎదురెదురుగా చేతులు దించుతూ ఎత్తుతూ ఆ పాటను చివరిదాకా నడిపించారు. చివరి చరణం ఆంటీ రెండుసార్లు పాడించింది. నేను మాత్రం పాడలేదు. ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

పాట అయ్యాక ఆంటీ తిన్నగా మా దగ్గరకొచ్చింది. నేను రెండు చేతులూ చాపి లేచాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి అత్తగారిని వాటేసుకుంది.

"ఆయన్ని సాగనంపాను. సరిగ్గా సాగనంపాను," అంది.

"ఏమంటోందే?" అన్నారు అత్తగారు.

మిన్ని చెప్పింది. అత్తగారు ఆంటీ వీపు తట్టి, "శభాష్," అన్నారు. ఆ మాటకోసం నేను పదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను.

భోజనాల దగ్గర అందరిముందూ నా నేరం ఒప్పుకున్నాను. టిష్యూ, గొడుగు, మూడు వారాల సంగీతం, ఒక్కటీ దాచలేదు. అందరికంటే ఎక్కువగా ఆంటీయే నవ్వింది. నవ్వీ నవ్వీ పొలమారితే సునీత నీళ్ళు తాగించాల్సి వచ్చింది. తిన్నాక నేను నా సరంజామా అంతా ఏరుకుని, కుటుంబసమేతంగా వెనక్కి బయల్దేరాను. వింగ్ అంకుల్ అడ్డొచ్చాడు.

"ఎక్కడికి?"

"వెనక వరసకు అంకుల్."

"మీరు వెళ్ళండి. మేడమ్ ఇక్కడే ఉంటారు. మీ వైఫ్ కూడా, పాప కూడా. గొంతులు బావున్నాయి."

మధ్యాహ్నమంతా నేను ఎదుటి గుంపులో, ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాను. అక్కణ్ణుంచి చూస్తే ముందు వరసలో అత్తగారు నిటారుగా కూర్చుని అరవైమందికి తాళం వేస్తున్నారు. అంతకంటే గొప్ప దృశ్యం ఈ కళ్ళు చూడలేదు. నా పక్కనున్న పెద్దాయన మోచేత్తో పొడిచాడు.

"ముందు వరసలో ఆ ఇండియన్ మేడమ్ ఎవరు? ఎంత బాగా వేస్తోంది!"

"మా అత్తగారండీ," అన్నాను ఛాతీ విరిచి.

"ఓ! మరి మీరేం చేస్తుంటారు?"

"ఆవిడకు కుర్చీ ఆపుతుంటానండీ."

కనుక చదువరులారా, త్రికోణం సాక్షిగా, గుండ్రం సాక్షిగా, చతురస్రం, డైమండ్‌ల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళు చేయాల్సిన పనేమిటో కనుక్కోకుండా ఈ జన్మలో ఏ ముందు వరసనూ నాకోసం చోప్ చేయను. అత్తగారికోసమైతే మాత్రం ముందురోజు సాయంత్రమే వెళ్తాను.