మోకరిల్లిన బొమ్మ అరికాళ్లు

మా పెదనాన్న పోయాడని పోయిన నెల ఒకరోజు పొద్దున్నే ఖానాపురం హవేలి నుంచి ఫోన్ వచ్చింది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా గుళ్లకూ చర్చిలకూ సిమెంటు బొమ్మలు చేసిన మనిషి. చేసిందెవరో తెలియకుండానే మీలో కొందరు ఆయన బొమ్మల ముందు దండం పెట్టుకునే ఉంటారు.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. అయినా ఆయనకు గుడి పనే ఎక్కువ వచ్చేది. ఎక్కడ చేసినా, మోకరిల్లిన మనిషి బొమ్మ అంటే ఆయనకు ప్రాణం. ముఖం ఒక పూటలో ముగించి, అరికాళ్ల దగ్గర రోజంతా కూర్చునేవాడు. "ముఖం దేవుడు జూస్తడురా. ఎనకాల నిలబడ్డ మనకు కనబడేది అరికాళ్లే గదా" అనేవాడు. ఆయన పుణ్యమాని నేను ఇప్పటికీ ప్రార్థనలో కళ్లు మూసుకోను. ముందు మోకరిల్లిన వాళ్ల కాళ్లు చూస్తుంటాను.

ఒకసారి ములకలపల్లి దగ్గర ఒక రామాలయంలో, చేతులు జోడించి మోకరిల్లిన భక్తురాలిని చేస్తుంటే చూడ్డానికి వెళ్లాను. గుడి పెద్ద వచ్చి మొహం చిట్లించాడు.

"ఏంది మేస్త్రీ, కాళ్లకు గీ పగుళ్లు? మడమ మీద గా గాటేంది? సాపు జెయ్యి."

"సాపు జేస్తే ఆమె నడిచొచ్చినట్టు ఎట్ల తెలుస్తది పటేలా? మోకరిల్లిందంటే దూరం నుంచి వచ్చి చేరుకున్నట్టు. వద్దంటే బొమ్మనే తీస్కపోత, పగుళ్లు మాత్రం తియ్య."

ఉత్త మొండిఘటం.

ఆయన భార్య, మా పెద్దమ్మకు ఒక బాధ ఉండేది. సమాధుల తోటలో నన్ను పట్టుకుని అదే చెప్పి ఏడ్చింది. "అందరి దేవుళ్లను జేసిండు. ఇన్నేండ్లు కాపురం జేసిన, నా బొమ్మ ఒక్కటన్న జెయ్యలే బిడ్డా. నన్ను ఎన్నడన్న కండ్లార జూసిండో లేదో."



మట్టి వేశాక ఆమె సమాధి ముందు మోకరిల్లింది. నేను వెనక నిలబడ్డాను. చెప్పులు విడిచిన ఆ అరికాళ్ల నిండా పగుళ్లు. ఎడమ మడమకు అడ్డంగా, ఎప్పుడో బీడీల తునికాకు కోయడానికి అడవికి పోయినప్పుడు వెదురు మోడు చీరిన గాటు. ములకలపల్లి బొమ్మకు ఉన్నది సరిగ్గా అదే. నాకు దుఃఖం ఆగలేదు.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక కారు మాట్లాడి ఆమెను ములకలపల్లి గుడికి తీసుకెళ్లాను. "గుళ్లె మనకేం పనిరా" అంటూనే వచ్చింది. బొమ్మ వెనక్కి తీసుకెళ్లి నిలబెట్టాను.  ఆమె మెల్లగా కూర్చుని, ఆ గాటు మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"జూసిండురా" అంది.

తర్వాత రెండో మడమ కూడా తుడిచింది.