ఉసిళ్లు తిన్నది దేవవ్వ ఒక్కతేనా?

రొయ్యకు ఎన్ని కాళ్లుంటాయో మా బడి కమిటీ చైర్మన్ నాగరాజును అడగాలని ఉంది నాకు. పోయిన చలికాలం గోవా పోయి, పళ్లెం నిండా రొయ్యలు, పీతలు పెట్టుకొని ఫోటో దిగి, వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్న మహానుభావుడు అతను. ఊరంతా శభాష్ అంది. నేనూ బొటనవేలి బొమ్మ ఒకటి పంపాను. ఆరు నెలలు తిరగకముందే అదే మనిషి, గుప్పెడు ఉసిళ్లు తిన్నందుకు మా దేవవ్వను బడి నుంచి వెళ్లగొట్టాడు. రొయ్య కాళ్ల సంగతి ఆనాడే, ఆ మీటింగులోనే అడగాల్సింది. అడగలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు రామచంద్రం. ఖానాపూర్‌లో ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టర్ని. దేవవ్వ ఆ బడిలో పద్నాలుగేళ్లు మధ్యాహ్న భోజనం వండింది. ఆమె కడెం అవతల అడవి అంచు పల్లెలో పుట్టింది. పెళ్లయి మా ఊరొచ్చింది. భర్త తునికాకు లారీ మీది నుంచి పడి చనిపోతే, ఆరేళ్ల పిల్లను చెయ్యి పట్టుకొని బడికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లి కూడా అయిపోయింది. దేవవ్వకు చదవడం రాదు. సంతకం మాత్రం నేను నేర్పాను. దానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నన్ను తిడుతూనే ఉంది.

బడికొచ్చే బియ్యంలో పురుగులుండేవి. నిజమైన పురుగులు, తెల్లవి, నల్లవి. దేవవ్వ పొద్దున ఏడింటికే వచ్చి, బియ్యం ఎండలో పరిచి, చాటతో చెరిగి, ఒక్కొక్కటే ఏరేది. పద్నాలుగేళ్లలో ఒక్క పిల్లవాడి కంచంలో ఒక్క పురుగు రాలేదు. ఆ బియ్యం గురించి కమిటీ ఒక్కసారి మీటింగు పెట్టిందా? లేదు. ఎందుకు పెడుతుంది! ఆ బియ్యం వాళ్ల పిల్లల కడుపులోకి పోయేలోపు ఆమె శుభ్రం చేస్తుంది కదా.

ఇక ఉసిళ్ల సంగతి. మొదటి వాన పడి మబ్బు విడిచిన సాయంత్రం చెదపుట్టల్లోంచి రెక్కలతో లేచి వస్తాయి. దేవవ్వ పుట్ట పక్కన చిన్న గుంట తవ్వి, దీపం పెట్టి, చుట్టూ కొమ్మలు కప్పేది. అవి వెలుతురుకొచ్చి గుంటలో పడేవి. మర్నాడు ఎండబెట్టి చెరిగితే రెక్కలన్నీ గాలికి పోతాయి. మంగలంలో వేయించి, ఇన్ని పేలాలు, ఉప్పూ కారం కలిపితే... ఏం చెప్పను! నూనె చుక్క వేయకుండానే నూనె ఊరుతుంది. పల్లీల కన్నా కమ్మగా ఉంటాయి.

రుచి ఎట్లా తెలుసంటారా? నేను లక్సెట్టిపేటలో నేత పని ఇంట్లో పుట్టినవాణ్ని. మా అవ్వ మగ్గం దగ్గర్నుంచి లేచొచ్చి మాకు ఉసిళ్లు వేయించి పెట్టేది. ఆ సంగతి ఒకసారి దేవవ్వతో అన్నాను. అప్పటి నుంచి ఏటా మొదటి వానకు నా బల్ల మీద స్టీలు గిన్నె వచ్చేది. పదకొండేళ్లు తిన్నాను. తలుపు దగ్గరికి వేసుకొని తిన్నాను. హెడ్మాస్టర్ ఉసిళ్లు తింటున్నాడని ఎవరైనా చూస్తే పరువు పోతుందని భయం. ఆ తలుపు గుర్తొస్తే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఈ జూన్‌లో బడి తెరిచిన రెండో రోజు. పిల్లల తిండి అయ్యాక దేవవ్వ వంటగది అరుగు మీద కూర్చొని తన డబ్బా విప్పుకుంది. వాసనకు నలుగురైదుగురు పిల్లలు చేరారు. ఇళ్లల్లో తినే పిల్లలే, చేతులు చాపారు. తలా చిటికెడు పెట్టింది. రెండో తరగతి పిల్ల ముస్కాన్ కూడా చెయ్యి చాపింది.

"నీకు నడవదు బిడ్డా. మీ అమ్మిని అడుగు పో. ఆమె సరే అంటెనే పెడత" అంది దేవవ్వ.

అప్పుడే నాగరాజు, కొడుకు ఇంట్లో మరిచిపోయిన నీళ్ల బాటిల్ ఇవ్వడానికొచ్చాడు. బాటిల్ ఇవ్వలేదు, ఫోన్ తీశాడు. 'బడిలో పిల్లలకు పురుగుల భోజనం' అని ఎర్రక్షరాలు పెట్టి ఆ వీడియో ఊరి గ్రూపులో వేశాడు. పొద్దుగూకేసరికి ఉట్నూర్ దాకా పాకింది. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో ఛీ, థూ అని రాశారు. ఒకడైతే ఆమెను జైల్లో వేయాలన్నాడు. ఒరే, నీ ముఖం మండా, ఆమె చేతి అన్నం తిని పెరిగిన పిల్లలు ఎంతమందో నీకు తెలుసా!

మర్నాడు బడిలో మీటింగు. నాగరాజు నా కుర్చీలో కూర్చున్నాడు. అదీ చూస్తూ ఊరుకున్నాను.

"ఏంది దేవవ్వా, గిది ఇస్కూలా, అడవా? గా పురుగులు తినే చేతులతోని మా పోరగాండ్లకు వండుతవా?"

"పుట్టిన కాన్నుంచి గీ చేతులే గద నాయినా" అంది దేవవ్వ. "మీ పోరడు అడిగితే పెట్టిన. తప్పైతే ఇంక బడికి తేను."

ముస్కాన్ తల్లి ఖుద్సియా లేచింది. కమిటీలో ఆమె కూడా సభ్యురాలే, ఏనాడూ నోరు విప్పని మనిషి. "మా ఇంట్ల గివి నడవవు. నేనైతే ఎన్నడూ ముట్టలే, ముట్ట కూడ. కని నా బిడ్డ చెయ్యి చాపితె మీ అమ్మిని అడుగుమని తిప్పి పంపింది ఈ అక్క. గంత ఖయాల్ జేసేటామెను పట్టుకొని పరేషాన్ జేస్తరా? జర షరం ఉండాలె!"

ఎన్నడూ తినని ఆమె ఒక్కతే మాట్లాడింది. ఆ గదిలో తిన్నవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అందరూ గోడల వైపు చూస్తున్నారు.

నాగరాజు కాగితం నా ముందుకు తోశాడు. దస్తూరి బాగుంటుందని నన్నే రాయమన్నాడు. అతను చెప్పాడు, నేను రాశాను. మొదటి వాక్యం: ఇకపై బడికి ఉసిళ్లు తీసుకురాను. రెండో వాక్యం: ఇంట్లో కూడా తినను. సంతకం పెడితే పని ఉంటుంది, లేకుంటే లేదు.

ఇంట్లో కూడా తినను! ఒక మనిషి తన ఇంట్లో, తన పొయ్యి మీద ఏం వేయించుకోవాలో రాసివ్వాలట! అది అడగడానికి వాడికి నోరెట్లా వచ్చింది? పోనీ వాడు అడిగాడు, రాయడానికి నాకు చెయ్యెట్లా వచ్చింది?

చదివి వినిపించాను. దేవవ్వ కాగితాన్ని వేలితో వెనక్కి జరిపింది.

"మొదటిదానికి పెడత. రెండోదానికి పెట్ట. మా అవ్వ తిన్నది, నేను తిన్న, నా బిడ్డ తిన్నది. మేమేం దొంగతనం జేయలే." తర్వాత నా వైపు తిరిగింది. "సారూ, నువ్వన్న చెప్పు. నువ్వు తినలేదా?"

గదిలో అందరూ నా ముఖం చూశారు. పదకొండు గిన్నెలు తిన్న నోరు ఇది. ఏమందో తెలుసా?

"నేనా? నేనెప్పుడు తిన్నాను దేవవ్వా?"

ఆమె నన్ను చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. నాగరాజు వైపు తిరిగి, "నేనే మరిచిన నాయినా. సారు తినలే" అంది. నా పరువు కాపాడింది. కొంగుముడిలోంచి సామాన్ల గది తాళంచెవి తీసి కాగితం మీద పెట్టి, గడప దాటి పోయింది. ఖుద్సియా ఆమె వెనకే పోయింది.

వారంలో వేరే మనిషిని పెట్టారు. రెండో రోజే పప్పులో పురుగొచ్చింది. దాన్ని ఎవరూ వీడియో తీయలేదు.

నెల తిరిగాక మళ్లీ ఒక వాన గట్టిగా కొట్టింది. మర్నాడు సాయంత్రం దేవవ్వ ఇంటికి పోయాను. తప్పయిందని చెబుదామని, నలుగురిలో మళ్లీ చెబుతానని మాటిద్దామని పోయాను. వాకిట్లో కూర్చొని ఉసిళ్లు చెరుగుతోంది. నన్ను చూడగానే గబుక్కున చాట మీద గుడ్డ కప్పింది. అడవి పల్లెలో పుట్టి, నడివాకిట్లో కూర్చొని చెరుక్కునే మనిషి, జీవితంలో మొదటిసారి తిండి దాచుకుంది. నన్ను చూసి దాచుకుంది.

"రా సారూ, కూసో. ఛాయ్ పెడత."

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. గుడ్డ వైపు చూపించి, "అవి జర పెట్టు దేవవ్వా" అన్నాను.

ఆమెకు కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నిజంగానే నన్ను ఇబ్బంది పెట్టొద్దనుకుంది.

"వద్దు సారూ. నువ్వు తినవు గద" అని లోపలికి పోయింది.

ఛాయ్ తాగి వచ్చేశాను.