మధ్యగోడ తీసిన మేడ

వరంగల్ బజారులో మేము కుట్టుపని చేసిన మేడను విక్టోరియా రాణి కాలంలో ఒక పత్తి వర్తకుడు కట్టించాడట. ఇనుప స్తంభాలు రైల్లో వచ్చాయని, మొదట పత్తి గోదాముగా ఉండి తర్వాత బట్టల దుకాణమైందని మా మామగారు చెప్పేవారు. డెబ్బైల చివర్లో పై అంతస్తు అద్దెకు తీసుకుని, ఐదుగురు ఆడవాళ్లతో నేను పని మొదలుపెట్టాను.

కింద బట్టల సేటు ఉండేవాడు. ఒక ఎండాకాలం, దుకాణం వెడల్పు చేయాలని మధ్యగోడ కొట్టించాడు. నెల తిరక్కుండా మా తలుపు బిగుసుకుపోయింది. కుడుతున్న బట్ట మీద సున్నం పొడి రాలేది. కిటికీ కమాను పక్కన పగులు కనబడింది.

ఆ మేడకు పూర్వం మరమ్మతులు చేసిన ముసలి మేస్త్రీని పిలిపించాను. ఆయన గోడను అరచేత్తో తడిమి, పగులు మీద అడ్డంగా సున్నం పట్టీ వేశాడు.

"బిడ్డా, ఇది ఎండినంక చీలిందంటే గోడ ఇంకా కదులుతాందన్నట్టు. ఇగ ఒక్క దినం గూడ ఉండకుండ్రి."

నాలుగో రోజుకే చీలింది. పరుగున కిందికి దిగి సేటుతో చెప్పాను.

"ఫికర్ చెయ్యకు చెల్లె," అని నవ్వాడు. "వందేండ్ల సంది నిలబడ్డది. నీ మిషన్ల అదురుకు సున్నం రాలుతాంది, గంతే."

"లగ్గాల టైంల యాడికి పోతమక్కా?" అని మా ఆడవాళ్లు గొణిగారు. అయినా ఆ సాయంత్రమే మిషన్లు దింపించి, ఎదురు సందులోని రేకుల షెడ్డుకు మారాము.

వానలు పట్టాయి. రోజూ మధ్యాహ్నం భర్తకు అన్నం తెచ్చే సేటు భార్య ఒకనాడు మా షెడ్డు దగ్గర ఆగింది.

"నిజంగ పడతదా వదినా?"

"అన్నను బయట కూసోమని చెప్పు," అన్నాను.

"చెప్తనే ఉన్న. ఇంటడా?"

వారం తర్వాత, ముసురు పట్టిన మధ్యాహ్నం, బరువైన బీరువా ఈడ్చినట్టు చప్పుడైంది. తలెత్తేసరికి మేడ ముందుభాగం లేదు, దుమ్మే ఉంది. సేటు ఎవరితోనో మాట్లాడుతూ రోడ్డు మీద ఉన్నాడు. ఆయన భార్య లోపల టిఫిన్ డబ్బా విప్పుతోంది. శిథిలాలు తీసి ఆమెను బయటికి తెచ్చేసరికి ప్రాణం లేదు.

పది రోజులయ్యాక సేటు మా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. స్టూలు వేస్తే కూర్చోలేదు.

"ఆమె దినాం చెప్పింది చెల్లె. నేనే నవ్విన."

తర్వాత ఆయన పరకాల వెళ్లిపోయాడు. మిగిలిన సగాన్ని కూల్చేశారు. ఆ మేస్త్రీని నేనే చెయ్యి పట్టుకుని సేటు ముందుకు తీసుకెళ్లి ఉండాల్సింది. మేము బయటపడితే చాలనుకున్నాను.