బంతికి కళ్లు తెరిపించిన మేనేజరు

గోల్స్ తిని ఓడిపోయిన జట్లున్నాయి, వాన పడి ఇంటికి పోయిన జట్లున్నాయి. ఒకే ఒక్క తెలుగు వాక్యంతో జట్టు మొత్తాన్ని ముంచిన మేనేజరు మాత్రం ఈ లోకంలో నేనొక్కడినే. ఆ ఘనత ఇంకెవరైనా తమదంటే ఒప్పుకోను.

1957లో నాకు ఇరవై రెండేళ్లు. నంద్యాల పత్తి మిల్లులో బేళ్ల మీద నల్లరంగుతో గుర్తులు వేయడం నా ఉద్యోగం. గ్రంథాలయంలో పుస్తకాలు నమలడం నా వ్యసనం. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నా అంతట నేనే నేర్చుకున్నాను. నేర్చుకున్నానన్న సంగతి ఊరందరికీ చెప్పింది కూడా నేనే.

అప్పటికి మా ఊరి ఫుట్‌బాల్ జట్టు వరసగా ఎనిమిది ఆటలు ఓడింది. మేం ఆడే మైదానమేమో క్లబ్బు అధ్యక్షుడు ఓబుల్‌రెడ్డి మామ సొంత చేను. ఎనిమిదో ఓటమి నాడు ఆయన తువ్వాలు దులిపి లేచాడు.

"ఇంగొక్క ఆట చూస్తా. నందికొట్కూరోళ్ల మీద గెలిస్తే మైదానం మీది. లేదంటే ఈడ బుడ్డలు ఎండబోసుకుంటా. అవన్నా తినడానికి పనికొస్తాయి."

బుడ్డలంటే వేరుశనక్కాయలు. మా జట్టుకు వాటిపాటి విలువ కూడా లేదన్నమాట. పాత మేనేజరు ఆ మాట వినగానే కనిపించకుండా పోయాడు. నేను ముందుకొచ్చాను. అప్పటిదాకా నేను బంతిని కాలితో తాకింది రెండుసార్లు. అందులో ఒకటి పొరపాటున.

జట్టు నాయకుడు, గోల్‌కీపరు ఖాసిం భాయ్‌ది సైకిళ్లు బాగుచేసే అంగడి. నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎప్పుడన్నా ఆడినావాప్పా?"

"చదివినా భాయ్. ఇంగ్లీషు పుస్తకం, బొమ్మలతో సహా."

"ఈత గూడ ఇట్లే చదివి నేర్చుకుంటివా?"

నేను పట్టించుకోలేదు. గోల్‌కు ముందు నిలబడే ఇద్దరు బ్యాకులు రాతిగోడల్లా ఉండాలని పుస్తకంలో ఉంది. రాయి అనగానే నా బుర్రలో ఆళ్లగడ్డ వెలిగింది. దేవుళ్ల విగ్రహాలు చెక్కే ఊరది. మర్నాడే బస్సెక్కాను.

అక్కడ వీరాచారి, తమ్ముడు నాగాచారి పనిలో ఉన్నారు. ఒక్కొక్కరి తొడ రోలంత ఉంది. వీరాచారి సగం చెక్కిన వినాయకుణ్ని కాలితో అదిమిపట్టి ఉలి ఆడిస్తున్నాడు. నేను అదిరిపోయాను.

"దేవుడి మీద కాలు పెడతారా?"

"ఇప్పుడిది రాయే అన్నా. ఆఖర్న కండ్లు తెరిపిస్తాం చూడు, అప్పుడు దేవుడైతాడు. ఆపైన కాలు గాదు గదా, గోరు గూడ తగలనీయం."

ఆ మాట నా చెవిలో పడింది. అక్కడే ఆగిపోయింది, బుర్రదాకా పోలేదు. అన్నదమ్ములు ఆడటానికి ఒప్పుకున్నారు కానీ, పని వదిలి నంద్యాలకు రాలేమన్నారు. బంతి పంపితే సాయంత్రాలు అక్కడే తన్ని నేర్చుకుంటామన్నారు.

క్లబ్బుకున్న ఒక్కగానొక్క కొత్త బంతిని బస్సులో పంపించాను. పాతది ఏమైందంటారా? పుస్తకంలోని బొమ్మ చూసి, దాన్ని కోయించి ఆటగాళ్ల కాళ్లకు దెబ్బ తగలకుండా తోలుపట్టీలు చేయించాను. బంతితోపాటు సూచనల ఉత్తరం కూడా పంపాను. చూపు బంతి మీంచి పక్కకు పోకూడదని పుస్తకం చెప్పింది. దాన్ని నేను గంభీరమైన తెలుగులోకి దించాను: "అన్నింటికన్నా ముఖ్యం, ఆట రోజున బంతి మీద కళ్లుండాలి. కళ్లు లేకుండా మైదానంలోకి రావద్దు."

ఖాసిం భాయ్ తల గోక్కున్నాడు. "ఒకపారి పోయి నోటితో చెప్పి రాప్పా."

"రాతకోతలు నాకొదిలెయ్ భాయ్."

ఆట రోజు ఊరంతా వచ్చింది. ఆళ్లగడ్డ బస్సు దిగి అన్నదమ్ములు వస్తుంటే నేలే కాస్త కుంగినట్టనిపించింది. నందికొట్కూరు ఆటగాళ్ల మొహాల్లో నెత్తురు లేదు. సగం గెలిచేశామనుకున్నాను. వీరాచారి చంకలో పట్టుగుడ్డ మూట ఉంది.

"బంతేదీ?" అన్నాను.

అతను మూట విప్పాడు. పసుపు, కుంకుమ, చామంతుల మధ్య బంతి. దానిమీద చారడేసి కళ్లు రెండు! కాటుక రేఖలు, ఎర్రటి కొసలు, నల్లటి గుడ్లు. సాక్షాత్తూ నన్నే చూస్తున్నాయి.

"మూడు దినాలు పట్టింది అన్నా," అన్నాడు వీరాచారి. "గుండ్రంగ ఉండేదానికి కండ్లు దిద్దడం శానా కష్టం. తెల్లారి టెంకాయ కొట్టి తెరిపించినాం. నువ్వు రాసినట్టే."

"నేనెప్పుడు రాశాను?"

నాగాచారి జేబులోంచి నా ఉత్తరం తీసి వేలు పెట్టి చూపించాడు. నా అక్షరాలే, ముత్యాల్లా ఉన్నాయి.

"మరి దీన్ని తన్నేదెట్ల?" అన్నాను.

అన్నదమ్ములు చెంపలు వేసుకున్నారు. "తన్నేదా! ఇది పూజకు గదా? ఆడే బంతి వేరే ఉంటాదనుకుంటిమి."

"కళ్లు తుడిచేద్దాం," అన్నాను గొంతు తగ్గించి.

"తెరిచిన కండ్లు పీకేస్తావా అన్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు నాకు నాలుగడుగులు దూరం జరిగారు. నందికొట్కూరు నాయకుడు కోపంగా వచ్చాడు. "బంతి తెచ్చేది ఊరోళ్ల పని గదా, ఏందీ ఆలస్యం?" అంటూ చూపు కిందికి దించి, చేతులు జోడించేశాడు. నేను ఖాసిం భాయ్ వైపు ఆశగా చూశాను.

"నన్ను చూడొద్దప్పా. ఇంతమంది మొక్కేదాన్ని తన్నేంత మర్యాద లేనోణ్నా నేను?"

అప్పుడు ఓబుల్‌రెడ్డి మామ చెప్పులు విడిచి ముందుకొచ్చాడు. ఆయన బంతికేసి చూశాడు. బంతి ఆయనకేసి చూసింది. ఇద్దరిలో ఆయనే ముందు తల వంచాడు.

"సామి వెలసిన చోట బుడ్డలు ఎండబోసే పాపం నాకెందుకప్పా? మైదానం జోలికి నేను రాను."

జనం ఈలలు వేశారు. నేను యుద్ధం గెలిచిన సేనాపతిలా ఛాతీ విరిచాను. "అయితే రేపట్నుంచి ఇక్కడే ఆడుకుంటాం మామా!"

"ఈడనా?" మామ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "సాటి బంతిని ఎదురుగ పెట్టుకోని తంతాంటే సామి చూస్తా ఊరుకుంటాడారా?"

క్లబ్బు మాత్రం చావలేదు. ఖాసిం భాయ్ మేనేజరై, ఇంకో బంతి కొని, ఆటను కుందూ నది ఇసుకలోకి మార్చాడు. నేను తెచ్చిన ఆళ్లగడ్డ గోడల్ని దాటి ఆ ఏడాది ఒక్క గోల్ కూడా పోలేదు. కనుక పాఠకులు గమనించాలి, మనుషుల్ని ఎంచడంలో నేను తప్పు చేయలేదు. తెలుగు రాయడంలో చేశాను.

అందుకే పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరికీ సూచనలు రాసి పంపను. ఎదురుగా నిలబడి చెబుతాను, చేతులతో చూపిస్తాను, ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించుకుని గాని కదలను. అవతలివాడి చేతిలో ఉలి ఉంటే రెండుసార్లు చెప్పించుకుంటాను.