బావమరిది పొడుగు కారు, నా అయస్కాంతం

హోసూరులో లిమోజిన్ కట్టిన మొదటి మొనగాణ్ణి నేనే. నా చేతి మీదుగా పన్నెండు పొడుగు కార్లు పెళ్లిళ్లకు వెళ్లాయి. సరే, పన్నెండు కాదు, మూడు. ఆ మూడింట్లో రెండు లారీ క్యాబిన్లు. మిగిలిన ఒక్క కారూ నడుం వంగింది. కృష్ణగిరిలో పెళ్లివారు ఎక్కి కూర్చోగానే తలుపులు బిగుసుకుపోయి, పెళ్లికొడుకును కిటికీలోంచి దించారు.

అందుకే మా చెల్లెలి మొగుడు జూజువాడిలోని తన షెడ్డులో పొడుగు కారు కట్టాడని తెలియగానే కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. నా దగ్గర సుత్తి పట్టడం నేర్చుకున్నవాడు! కారును ముందు తలుపుల వెనక రెండుగా కోసి, నడుమ కొత్త చట్రం పెట్టి, అడుగున జోడు ఇనుప పట్టీలు వేసి, బ్రేకు పైపులూ వైర్లూ సాగదీసి అతికాడు. ఆర్‌సీలో మార్పు కూడా ఎక్కించుకున్నాడు.

తళిలో పూలతోటలున్న ఒక ఆసామి దాన్ని కొని పెళ్లిళ్లకు బాడుగకు తిప్పాలనుకున్నాడు. "పెద్దాయన బాగుందంటే తీసుకుంటా" అన్నాడు. పెద్దాయన అంటే నేను. బావమరిది ఆరు నెలల కష్టం వచ్చి నా నాలుక మీద కూర్చుంది.

అతుకు ఎక్కడుందో కనిపెట్టాలంటే వెనక చేరి, కారు పక్క గీత వెంట ఒంటికన్నుతో చూడాలి. అతుకు దగ్గర నీడ వంకర పోతుంది. వేలి కణుపుతో తడితే రేకు ఖంగుమంటుంది, అతుకు కప్పడానికి మెత్తిన పుట్టీ దబ్బుమంటుంది. చివరికి అయస్కాంతం. పెయింటు గీసుకోకుండా దానికి పల్చటి గుడ్డ ఒక్క మడత చుడతాం. రేకైతే పట్టుకుంటుంది. పుట్టీ మందంగా మెత్తి ఉంటే జారిపోతుంది.

నీడ వంకర పోలేదు. ఎక్కడ తట్టినా ఖంగే. షెడ్డు వెనక్కి వెళ్లి, అయస్కాంతానికి పాత లుంగీ ముక్క ఎనిమిది మడతలు చుట్టుకొచ్చాను.

పెట్టాను. జారింది. ఇంకోచోట పెట్టాను. అక్కడా జారింది.

"చూసినావా అప్పా? లోపలంతా పుట్టీనే. రెండు ఎండలకు పగిలిపోతుంది."

ఆసామి ముఖం మాడింది. టీ గ్లాసులు తెస్తున్న చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది. బావమరిది నా చేతిలోంచి అయస్కాంతం తీసుకుని, రోడ్డు పక్కన ఆగిన కొత్త లారీ తలుపుకు ఆనించాడు. అక్కడా జారింది.

"బావా, ఈ లారీ కంపెనీవాళ్లు కూడా పుట్టీతోనే చేసినారా?"

ఆసామి పగలబడి నవ్వాడు. చెల్లెలు గుడ్డ వైపు చూసింది.

"అన్నా, దానికేమన్నా చలేస్తా ఉందా? అన్ని మడతలు చుట్టినావు!"

గుడ్డ విప్పాను. అయస్కాంతం కారుకు ఠక్కున అతుక్కుంది. నేను ఊడబీకాల్సి వచ్చింది.

"యాడ అతికినావప్పా?" అన్నాను.

"నువ్వే కనుక్కో బావా."

కనుక్కోలేకపోయాను. "కొనుక్కోప్పా. ఇది వంగదు" అన్నాను ఆసామితో.

"ఇందాక ఒక మాట, ఇప్పుడొక మాటనా? అట్లయితే నువ్వూ ఎక్కు, తళి దాకా పోదాం. కారు నిండా జనాన్ని ఎక్కిస్తా."

నడిమి సీటులో నన్ను కూర్చోబెట్టారు. దారిలో ప్రతి గుంత దగ్గరా ఊపిరి బిగబట్టి, ఒక్కసారన్నా కిర్రుమంటుందేమోనని చెవి ఒగ్గాను. తళిలో దిగబోతూ, పాపిష్టివాణ్ణి, బిగుసుకుపోయి ఉండాలని దేవుడికి మొక్కుకుని మరీ తలుపు తోశాను. ఒక్క వేలికే తెరుచుకుంది.