బావకు రాసిన నోటీసు

మా బావ కాంట్రాక్టరంటే జీపులో తిరిగే మనిషి కాదు. తాపీ పట్టుకుని పైకొచ్చినవాడు. ఏడాదికి ఒకటో రెండో సర్కారు పనులు తీసుకుని, కూలీలతోపాటు తానూ సిమెంటు కలిపేవాడు. నేను చిత్తూరులో పన్నుల ఆఫీసు గుమాస్తాను. కాగితాల సంగతి ఏదొచ్చినా బావ నన్నే అడిగేవాడు.

రేణిగుంట దగ్గర బడి గదులకు టెండరు వేసేముందు మా ఇంటికొచ్చాడు.

"ఈ పనిమీద అమ్మకం పన్ను ఏమన్నా ఉంటాదాప్పా?"

"నువ్వు గోడ కట్టిస్తాండావు గానీ ఇటుకలు అమ్మడంలేదు గదా బావా. పన్ను లేదు," అన్నాను.

ఆ రోజుకు అది నిజమే. నా మాట నమ్మి బావ తక్కువ రేటుకు వేశాడు. పని దొరికింది.

గోడలు కిటికీల మట్టానికి వచ్చేసరికి రోజులు మారాయి. కట్టడంలో వాడిన సరుకునూ అమ్మకంగానే లెక్కించేలా ఢిల్లీలో రాజ్యాంగం సవరించారు, ఇక్కడ కొత్త ప్రభుత్వం వచ్చింది. ఎన్నికలప్పుడు ఆ గెలిచిన పార్టీ జెండా పట్టుకుని తిరుపతి వీధుల్లో తిరిగినవాళ్లలో బావ కూడా ఉన్నాడు. చిన్నవాళ్లకు మంచి జరుగుతుందని ఆయన నమ్మకం. కొన్నాళ్లకు మా ఆఫీసుకు ఉత్తరువు అందింది. కట్టడాల్లో వాడిన సరుకుకు కూడా ఇకమీదట పన్ను వేయాలి. సగంలో ఉన్న పనులకూ మినహాయింపు లేదు.

నోటీసులు రాయడం నా సీటు పని. జాబితాలో బావ పేరు చూసి ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు.

"చట్టమే మారిపోయినాది గదప్పా. నువ్వు రాయకపోతే పక్క సీటాయన రాస్తాడు," అన్నాడు.

రాశాను. ముందుగా బావకు ఒక మాట చెప్పి ఉండవచ్చు. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఆ పన్ను సర్కారే భరించాలని బావ అడిగితే, ఒప్పందంలో లేనిది ఇచ్చేది లేదని బడి పని చూసే ఇంజనీరు తిప్పి పంపాడు. నోటీసులో రమ్మన్న రోజున బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. చుట్టూ నలుగురున్నారు.

"సార్, ఈ నోటీసు గురించి వచ్చినాను," అన్నాడు.

నన్ను ఇరుకున పెట్టకూడదని అలా పిలిచాడు. కూర్చో బావా అనవలసింది. "లోపల ఆఫీసరుగారిని కలవండి" అన్నాను.

గడువు ఇచ్చారు, పన్ను తగ్గలేదు. బావ సిమెంటు కలిపే మిషను అమ్మి కట్టేశాడు. బడి గదులు పూర్తిచేసి అప్పగించాడు. మళ్లీ టెండరు వేయలేదు. గూడూరులో ఇంకో కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీగా చేరి, మా అక్కతో సహా సంసారాన్ని అక్కడికే మార్చాడు.

చాలా నెలలు ఆగి, గూడూరు వెళ్లాను. అక్క గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"ఆ నోటీసు కవరుమీద నీ రాత చూసి, మన ఇంటి మంచిచెడ్డలు రాసినావేమో అనుకున్నా. నేనే చించి చూసినా."

అక్క పక్కింటికి వెళ్లిపోయింది. అప్పుడే పనినుంచి వచ్చిన బావ పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. చేతులనిండా సిమెంటు తిన్న పుండ్లు.

"అన్నం తిని పోప్పా," అన్నాడు.

తినేవరకూ ఆయనే వడ్డించాడు. అక్క తిరిగి రాలేదు.